కొసరు ఎవరి ఖాతాలో రాయాలి?

తెనాలిలో చిన్న కొట్లకు లెక్కలు రాసిపెట్టడం నా పని. కిరాణా, మందుల షాపు, బట్టల కొట్టు, టిఫిను సెంటరు, ఎరువుల దుకాణం, కమీషను వ్యాపారం, ఏదైనా సరే. జీఎస్టీ రిటర్నులు, ఏడాదికోసారి ఆదాయపు పన్ను, మధ్యలో బ్యాంకు లోనుకు కావలసిన కాగితాలు. అందరూ ఆడిటరు గారూ అనే పిలుస్తారు. నేను ఆడిటర్ని కాను, సీఏ పరీక్ష ఎప్పుడూ రాయలేదు. చెప్పినా వినరు కాబట్టి చెప్పడం మానేశాను.

ఈ మధ్య కుర్ర యజమానులు పన్ను సంగతి పక్కనపెట్టి ఇంకో ప్రశ్న అడుగుతున్నారు. "జనానికి ఏదో ఒకటి ఊరికే ఇస్తుంటే వ్యాపారం పెరుగుతుందట కదండీ, ఏమిస్తే బాగుంటుంది?" అని. ఫోన్లో ఎవరో వీడియో పెట్టి చెప్పి ఉంటారు. మాట తప్పేమీ కాదు. ఇచ్చే చెయ్యి ఉన్న కొట్లు నిలబడటం, పిసినారి కొట్లు మూతపడటం నేను రాసిన పద్దుల్లోనే చూశాను. కాకపోతే ఆ వీడియోల్లో ఎవరూ ఎత్తని సంగతి, ఆ ఇచ్చేది ఎవరి వాటాలోంచి పోతోందన్నది. నన్నడిగితే ముందు తేలాల్సింది అదే. లెక్కలు రాసేవాడికి ప్రతి ఖర్చుకూ ఒక పద్దు కావాలి. దానానికైనా అంతే.

ముందు కొసరు సంగతి చూద్దాం. తక్కెడతో తూచే రోజుల్లో ముల్లు కొనేవాళ్ల వైపు మొగ్గితేగానీ బేరం అయినట్టు కాదు. ఆ మొగ్గు చాలక పైన రెండు వంకాయలో, నాలుగు పచ్చిమిరపకాయలో, ఓ కరివేపాకు రెబ్బో పడాలి. ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాయి. పళ్లెంలో కాయలు పోయగానే ఎర్రటి అంకెలు కిలో మీద ఇరవై గ్రాములని చూపిస్తాయి. అంకె కనబడ్డాక చెయ్యి కాస్త తటపటాయిస్తుంది. చిన్న కాయ ఒకటి ఏరి వెనక్కి తీసి, సరిగ్గా కిలో దగ్గర ఆపేవాళ్లున్నారు. అంకె చూసి కూడా ఇంకో కాయ పడేసేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ కూర్చునేది ఒకే వరుసలో, సరుకు తెచ్చుకునేది ఒకే వేలంపాటలో. మధ్యాహ్నానికి ఎవరి గంప ముందు ఖాళీ అవుతుందో మా మార్కెట్లో ఎవర్నడిగినా చెబుతారు. తూనికలు కొలతల శాఖవాళ్లు ముద్ర వేసేది కాటాకే, మొగ్గుకు కాదు.

అయితే కొసరు ఊరికే రాదు. కిలో 140 రూపాయలకు అమ్మే కందిపప్పు మీద కొట్టాయనకు 12 రూపాయలు మిగులుతుందనుకోండి. 20 గ్రాములు ఎక్కువ పోస్తే రెండున్నర రూపాయలు పోయినట్టే. అంటే మిగిలేదాంట్లో అయిదో వంతు. ఆదాయపు పన్ను చట్టం చిన్న వ్యాపారికి ఒక వెసులుబాటు ఇచ్చింది. ఖర్చుల పద్దులన్నీ చూపించకుండా, అమ్మకాల మీద నూటికి 8 రూపాయలు లాభమని ఒప్పుకుంటే చాలు. డబ్బు బ్యాంకు ద్వారానో యూపీఐలోనో వస్తే నూటికి 6. కిరాణాలో అదైనా మిగిలితేగా అని మావాళ్ల గోల. అంత పలచటి లాభంలోంచి ఇవ్వాలంటే ఎక్కడ చెయ్యి వదలాలో, ఎక్కడ బిగించాలో తెలియాలి.

ఈ విద్య నేనెరిగినవాళ్లలో బాగా వంటబట్టింది స్టేషను దారిలో ఇడ్లీ బండి నడిపే ఒకమ్మాయికి. ఇడ్లీ లెక్కలో ఆమె రాయి. ప్లేటుకు నాలుగంటే నాలుగే, దేవుడొచ్చినా అయిదోది పడదు. పచ్చడి దగ్గరికొచ్చేసరికి మాత్రం గరిటెకు అడ్డూ ఆపూ ఉండదు. ఆకులో అడుగు కనబడితే చాలు, అడక్కముందే రెండో గరిటె పడుతుంది. వేరుశనగ గుళ్ల ధర పెరిగినప్పుడు చుట్టుపక్కల బండ్లవాళ్లు చట్నీని చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో కొలిచి పెట్టడం మొదలుపెట్టారు. ఈమె గుళ్లు తగ్గించి పుట్నాలు పెంచింది, అల్లం పచ్చడి కొత్తగా చేర్చింది, గరిటె మాత్రం ఆపలేదు. అదేంటమ్మా, కొలిస్తే ఎంతో కొంత మిగిలేది కదా అన్నాను. "పచ్చడి కొలిచి పెడితే తిన్నవాడికి తిన్నట్టుండదు బాబాయ్ గారూ. అదే ఇడ్లీ ఒకటి ఊరికే పెట్టామనుకోండి, రేపొచ్చి ఏదీ నా ఇడ్లీ అంటాడు" అంది. కాలేజీల్లో బిజినెస్ పాఠాలు చెప్పేవాళ్లు దీనికి ఏ పేరు పెడతారో గానీ, ఆమె మాత్రం ఆ సంగతి బండి పక్కన నిలబడి కనిపెట్టింది.

డబ్బు ఖర్చు కాని ఇవ్వడాలు ఇంకా ఎక్కువ పనిచేస్తాయి. మిగిలిపోయిన మాత్రల పట్టీ చెక్కుచెదరకుండా తెస్తే, బిల్లు చూసి వెనక్కి తీసుకునే మందుల షాపు ఉంది మా దగ్గర. జాకెట్టు కుట్టేటప్పుడు లోపల మడతలో ఇంకో వేలెడు గుడ్డ వదిలేసి, "రేపు ఒళ్లొస్తే విప్పుకోవచ్చు పిన్నీ" అని చెప్పే టైలరు ఉన్నాడు. నాకు అందరికంటే ఇష్టమైన మనిషి ఒక ఎరువుల దుకాణాయన. తడిసిన చెప్పులతో మినప చేలోంచి నేరుగా వచ్చిన రైతు, పురుగు పట్టిన ఆకు ఒకటి జేబులోంచి తీసి బల్ల మీద పెడతాడు. ఈయన కళ్లజోడు సవరించుకుని ఆకును అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి మందెందుకు మావా? వేపనూనె కొట్టి వారం ఆగు. అప్పటికీ తగ్గకపోతే రా" అని పంపించేస్తాడు. ఆ మందు అమ్మితే సీసా మీద ఆయనకు మంచి కమీషనే. కంపెనీ ప్రతినిధి నా ముందే ఆయన మీద విసుక్కోవడం విన్నాను. సీజనంతా కలిపి చూస్తే ఆ కొట్లో మందుల అమ్మకం పక్క దుకాణం కంటే తక్కువే. విత్తనాలు, ఎరువులు మాత్రం చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆయన దగ్గరే కొంటారు. పద్దుల్లో ఇది స్పష్టంగా కనబడుతుంది, కారణం మాత్రం ఏ కాలమ్‌లోనూ ఉండదు.

చిల్లర సంగతి కూడా చెప్పాలి. 203 రూపాయల బిల్లయితే "రెండొందలివ్వండి చాలు" అనడం నోట్లు చేతులు మారే రోజుల్లో మామూలు మాట. ఆ మూడు రూపాయలు కొట్టాయన వాటా. ఇప్పుడు జనం ఫోను ఎత్తి 203 కొడతారు, బల్ల మీది స్పీకరు డబ్బా 203 వచ్చాయని అరుస్తుంది. వదిలేయడానికి మూడు రూపాయలు ఎవరి చేతిలోనూ లేవు. యూపీఐ మీద నాకేం కోపం లేదు, నా పని సగం తగ్గించింది. అయినా ఆ చిన్న సర్దుబాటు అలా మాయమైపోయిందని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. చిల్లర లేదని చేతిలో చాక్లెట్ పెట్టే కొట్లు ఇంకో రకం. అది కొసరులాగా కనబడుతుంది, నిజానికి మనం అడగని చాక్లెట్‌ను మన డబ్బుతోనే మనకు అమ్మడం.

ఇక "ఒకటి కొంటే ఒకటి ఉచితం". దీనికి నా దగ్గర చట్టమే సాక్ష్యం. సీజీఎస్టీ చట్టం 17(5) సెక్షను ప్రకారం, వ్యాపారి సరుకును బహుమతిగానో ఉచిత శాంపిలుగానో ఇచ్చేస్తే, ఆ సరుకు మీద కట్టిన పన్నును వెనక్కి సర్దుబాటు చేసుకోవడానికి వీల్లేదు. మరి ఈ ఒకటికి ఒకటి ఉచితం అనే స్కీముల మాటేమిటని అనుమానాలొస్తే, 2019 మార్చి 7న కేంద్రం ఒక సర్క్యులర్ ఇచ్చింది. అక్కడ ఉచితంగా ఇచ్చిందంటూ ఏమీ లేదు, ఒకదాని ధరకు రెండు వస్తువులు అమ్మినట్టే లెక్క, కాబట్టి పన్ను సర్దుబాటు నిక్షేపంగా చేసుకోవచ్చు అని. గోడ మీద అంతెత్తు అక్షరాల్లో ఉచితమని రాసినదాన్ని ఉచితం కాదని పన్నుల శాఖ తేల్చేసింది. నిజంగా ఊరికే ఇచ్చినవాడు మాత్రం ఆ పన్ను కూడా తనే భరించాలి. చాలామందికి ఇది అన్యాయంగా తోస్తుంది. నాకలా అనిపించదు. ఇచ్చినవాడికి కాస్తయినా తగలాలి, లేకపోతే ఇచ్చాడని ఎలా తెలుస్తుంది?

స్కీములు పెట్టొద్దని కాదు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం మొదలుపెట్టారు. కొత్తలో సంగీత సభలకు వచ్చినవాళ్లకు డబ్బాలు ఊరికే పంచేవారని చెబుతారు. తలనొప్పి ఉన్నవాడు ఒకసారి రాసుకుని చూస్తే రెండోసారి కొనుక్కుంటాడు. నిఖార్సయిన వ్యాపారపు ఎత్తు అది, అందులో దాపరికమేమీ లేదు. ఆ డబ్బాలు తెచ్చిన లాభంతో ఆయన 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా తెచ్చారు, 1924లో భారతి పత్రిక మొదలుపెట్టారు, ఆంధ్ర గ్రంథమాల పేరుతో పుస్తకాలు అచ్చువేశారు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఇచ్చారు. జనం ఆయన్ని విశ్వదాత అన్నది ఈ రెండో ఇవ్వడానికి, మొదటిదానికి కాదు. మొదటిది ప్రకటనల ఖర్చు, రెండోది సొంత వాటా. మా కుర్రాళ్లు ఈ రెంటినీ ఒకే పద్దులో కలిపేస్తారు, అక్కడే నాకు పేచీ.

ఇంతవరకూ కొనేవాళ్ల వైపు నుంచి చూశాం. కొట్టు వెనకవైపు వెళ్తే ఇంకో దృశ్యం కనబడుతుంది. కొత్త సంవత్సరానికి శివకాశిలో అచ్చువేయించిన రంగుల క్యాలెండర్లు, ఉగాదికి కొట్టు పేరుతో పంచాంగం పుస్తకాలు, శ్రావణ మాసంలో చీర కొన్నవాళ్లకు గుడ్డ సంచీ. పంచడంలో లోటు చేయని ఒక బట్టల కొట్లో, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడి చీరలు విప్పి చూపించే ఆడపిల్లలకు కూర్చోవడానికి స్టూలు లేదు. దసరాకు బోనసు ఇద్దామా అని నేనే కదిపితే, "చట్టం ప్రకారం ఇవ్వాలా?" అని అడిగారు. అక్కర్లేదు. బోనసు నిబంధన 20 మంది, ఆపైన పనివాళ్లున్న చోటే వర్తిస్తుంది, వాళ్ల దగ్గర అంతమంది లేరు. అక్కర్లేదని నేను చెప్పగానే ఆ సంభాషణ అయిపోయింది. చట్టం అడగని చోటే కదా ఇచ్చే గుణం బయటపడాల్సింది! ఆ కొట్లో పిల్లలు ఏడాది తిరక్కుండా మారిపోతుంటారు. ఏ చీర ఏ బీరువాలో ఉందో కొత్తపిల్లకు తెలియదు. కొనడానికొచ్చినావిడ పావుగంట చూసి లేచిపోతుంది. అలా పోయిన బేరాల ఖరీదు క్యాలెండర్ల ఖర్చు కంటే ఎక్కువే ఉంటుందని నా అంచనా, రుజువు చూపించమంటే చూపించలేను.

సరుకు పోసినవాడి సంగతీ ఇంతే. అప్పడాలు, వడియాలు, పచ్చళ్లు చేసి దుకాణాలకు వేసే చిన్న యూనిట్లు మా చుట్టుపక్కల చాలా ఉన్నాయి, ఎక్కువ ఆడవాళ్లవే. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం అలా నమోదైన యూనిట్లకు, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే మహా అయితే 45 రోజుల్లో డబ్బు కట్టాలి. ఎవరూ పట్టించుకోవడం లేదని 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్నులో ఒక ముడి వేశారు. గడువు దాటితే, ఆ డబ్బు కట్టిన ఏడాదిలో తప్ప ఖర్చు కింద చూపించుకోవడానికి లేదు. ఆ నిబంధన వచ్చాక పెద్ద దుకాణాల వాళ్లు మార్చి నెలలో పడే హడావుడి చూస్తే నవ్వొస్తుంది. అప్పటిదాకా వడియాలావిడకు నాలుగు నెలల బాకీ పెట్టి, ఆ డబ్బుతోనే కొనేవాళ్లకు లక్కీ డ్రాలో గ్రైండరు ఇచ్చారు. గ్రైండరు ఇచ్చింది ఎవరు? నేనైతే వడియాలావిడ పేరే రాస్తాను.

ఉత్తరాది వ్యాపారుల బిల్లుల్లో ధర్మాదా అని ఒక వరుస ఉండేది. సరుకు ధర మీద కొనేవాళ్ల దగ్గర కొంత ధర్మం పేరిట వసూలు చేసి మంచి పనులకు ఇచ్చేవాళ్లు. ఆ సొమ్ము వ్యాపారి ఆదాయం కిందికి వస్తుందా రాదా అని హత్రాస్‌లోని బిజిలీ కాటన్ మిల్స్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రాదని కోర్టు తీర్పు చెప్పింది, మొదటి నుంచీ అది ధర్మం కోసం అప్పగించిన సొమ్మేనని. న్యాయంగానే ఉంది. ఆదాయమే కానప్పుడు ఇచ్చింది వ్యాపారి ఎలా అవుతాడు? ఇచ్చింది కొన్నవాళ్లు, ఈయన మోసుకెళ్లి అందించాడు. మోసుకెళ్లడమూ మంచి పనే, కాదనను. శిలాఫలకం మీద పేరు ఎవరిదన్నదే నా సందేహం.

అరువు సంగతి ఎత్తకపోతే ఈ వ్యాసం చదివిన కిరాణావాళ్లు నన్ను ఊళ్లో తిరగనివ్వరు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక మా ఊరి మారీసుపేటలో ఒక కిరాణా కొట్టాయన ఆటోవాళ్లకు, తాపీపనివాళ్లకు ఖాతా మీద బియ్యం, పప్పు, నూనె ఇచ్చాడు. తేదీ, పేరు, సరుకు రాసుకోవడమే, ఎప్పుడిస్తావని అడగలేదు. చాలామంది తర్వాత కొద్దికొద్దిగా తీర్చారు. కొందరు ఊరు వదిలి వెళ్లిపోయారు. ఆ ఏడాది లెక్కలు ముగించేటప్పుడు రాని బాకీలు ఏ పద్దులో వేయమంటారని అడిగితే, "నా సొంత వాడకాల్లో రాసేయండి ఆడిటరు గారూ, మేం తిన్నామనుకుంటాం" అన్నాడు. తర్వాత ఊళ్లోకి పెద్ద సూపర్‌మార్కెట్ వచ్చినప్పుడు ఆయనకూ దెబ్బ తగిలింది, తగల్లేదంటే అబద్ధం. సబ్బులు, షాంపూలు అక్కడ చవగ్గా దొరుకుతుంటే జనం అక్కడే కొన్నారు. బియ్యం, పప్పు, బెల్లం మాత్రం ఈయన దగ్గరే. ఆటోవాళ్లయితే ఊళ్లోకి కొత్తగా వచ్చిన కుటుంబాలను కూడా తెచ్చి ఈయన కొట్టు ముందు దింపుతుంటారు.

దీనికి ఎదురు ఉదాహరణా ఉంది. అడిగినవాడికల్లా లేదనకుండా అరువిచ్చి, రెండేళ్లలో కొట్టు మూసుకున్న మనిషి లెక్కలు కూడా నేనే రాశాను. అయ్యో, మంచివాడు, చెయ్యి జారి చెడిపోయాడని ఊరంతా అంది. పద్దులు చూసినవాణ్ణి కాబట్టి నేనలా అనలేను. అతను ఇచ్చిన సరుకు అతనిది కాదు. గుంటూరు హోల్‌సేలువాళ్ల దగ్గర తను అరువు తెచ్చినదాన్ని ఇక్కడ అరువు ఇచ్చాడు. వాళ్ల డబ్బుతో తను మంచి పేరు కొనుక్కున్నాడు. మారీసుపేట ఆయన ఇచ్చింది, హోల్‌సేలుకు కట్టాల్సింది కట్టేశాక చేతిలో మిగిలినదాంట్లోంచి. అందుకే ఆయన కొంత పోగొట్టుకున్నా నిలబడ్డాడు. ఎంత ఇవ్వొచ్చు అని అడిగే కుర్రాళ్లకు నేను చెప్పే కొలత కూడా ఇదే: బాకీలు, జీతాలు, పన్నులు తీరాక నీ ఇంటికి నువ్వు తీసుకెళ్లే డబ్బులో ఎంత వదులుకోగలవో అంత.

పద్దుల పేచీ ఇంకోటి చెబుతాను. మా ఊరి బోసు రోడ్డులో ఒక ఇనుప సామాన్ల కొట్టు ముందు ఎండాకాలం రెండు పెద్ద మట్టి కుండలు పెడతారు. తడిపిన గోనెసంచి చుట్టి, పైన మూత, మూత మీద గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు. పొద్దున్నే పనివాడు కుండలు కడిగి నింపుతాడు, మధ్యాహ్నం రెండింటికి మళ్లీ నింపాలి. తండ్రి పెట్టేవాడు, ఇప్పుడు కొడుకు పెడుతున్నాడు. ఈ ఏడు కొడుకు చలివేంద్రమని ఫ్లెక్సీ కట్టించి, తన ఫొటో, ఇద్దరు నాయకుల ఫొటోలు వేయించి, బిల్లు తెచ్చి నాకిచ్చాడు. కుండలు, నీళ్ల ట్యాంకరు, ఫ్లెక్సీ, ప్రారంభం రోజు మజ్జిగ, అన్నీ కలిపి. ఫ్లెక్సీ బిల్లు ప్రకటనల ఖర్చులో రాశాను, మిగతావి సొంత వాడకాల్లో. అన్నీ వ్యాపార ఖర్చే కదా, పన్ను తగ్గుతుంది కదా అని పేచీ పెట్టాడు. "నీళ్లు కూడా ప్రకటనే అంటే అలాగే రాస్తాను బాబూ, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే ఆ ముక్క మీ నాన్నగారికి నువ్వే చెప్పుకో" అన్నాను. మాట్లాడకుండా సంతకం పెట్టాడు. ఫ్లెక్సీలో పెట్టిన డబ్బుకు ఇంకో రెండు కుండలు వచ్చేవి.

ఇక అన్నిటికంటే పెద్ద పద్దు. కూరగాయల బజారులో అమ్మేవాడు కొనేవాడికి కొసరు వేస్తాడు. అది అతని ఇష్టం. మార్కెట్ యార్డులోనో, కల్లం దగ్గరో, మిల్లు దగ్గరో అమ్మేవాడు రైతు. అక్కడ కూడా కొసరు ఉంటుంది, అయితే రైతు వేయడు, కొనేవాడే లాక్కుంటాడు. దాన్ని తరుగు అంటారు. తేమ అని, మట్టి అని, తాలు అని, బస్తాకు ఇంత కోసేస్తారు. మచ్చు చూస్తామని తీసిన గింజలు తిరిగి బస్తాలోకి పోవు. 2025-26 సీజనుకు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. 75 కిలోల బస్తాకు కిలో తరుగు పోయిందనుకున్నా దాదాపు 24 రూపాయలు. ఎకరానికి 30 బస్తాలంటే 700 పైచిలుకు. కౌలు రైతుకు ఆ 700 మామూలు మొత్తం కాదు. తరుగు తీయకూడదని ప్రతి సీజనులోనూ అధికారులు చెబుతూనే ఉంటారు, కాటాల దగ్గర కోత పడుతూనే ఉంటుంది.

పైగా ఆ కోతకు రైతు తిరగబడకుండా కమీషను వ్యాపారులు ముందే ఒక ఔదార్యం చూపించి ఉంటారు. విత్తనాలకు, ఎరువులకు, ఇంట్లో పెళ్లికి అడ్వాన్సు ఇస్తారు. అర్ధరాత్రి ఆసుపత్రికి డబ్బు కావాలంటే ఇచ్చేది కూడా ఆ కమీషను వ్యాపారే, బ్యాంకు కాదు. ఆ సాయం అబద్ధం కాదు, ఎన్నో ప్రాణాలు అలా నిలబడ్డాయి. అయితే ఆ అప్పు ఉన్నన్నాళ్లూ పంట ఆయన దగ్గరికే తోలాలి, ఆయన చెప్పిన ధరకే ఇవ్వాలి, ఆయన కోసిన తరుగుకు ఊ కొట్టాలి. చేసిన మేలుకు ఖరీదు ఏళ్ల తరబడి వసూలవుతుంది. వ్యాపారం పెరగలేదా అంటే, పెరిగింది, బ్రహ్మాండంగా పెరిగింది. ఇచ్చేవాడి కొట్టు పెరుగుతుందని మురిసిపోయే ముందు మా కుర్రాళ్లు చూడాల్సిన లెక్క ఇది.

మొన్న శ్రీరామనవమికి చందా పుస్తకం పట్టుకుని కమిటీవాళ్లు తిరుగుతుంటే, అలాంటి వ్యాపారి ఒకాయన దగ్గర నేనూ ఉన్నాను. రెండు వేల మందికి అన్నదానం, పానకం, వడపప్పు. చాలా పెద్ద మొత్తం రాశారాయన. చనువు కొద్దీ అన్నాను, "ఈసారి అన్నదానం సగానికి తగ్గించి, ఒక్క సీజను తరుగు లేకుండా కాటా వేయించి చూడండి. ఖర్చు రెంటికీ ఇంచుమించు ఒకటే అవుతుంది, నేను లెక్క కట్టి చూపిస్తాను" అని. ఆయన పెద్దగా నవ్వాడు. కోప్పడలేదు, టీ తెప్పించాడు. "అన్నదానానికి ఇంకో పాతిక వేలు రాసుకోమనండి ఆడిటరు గారూ, అభ్యంతరం లేదు. తరుగు జోలికి మాత్రం రాకండి. అది నా ఒక్కడి చేతిలో లేదు, నేను మానేస్తే పక్కవాడు మానడు" అన్నాడు. పాతిక వేలూ కలిపి రాయించాడు కూడా.